ఇంట్లో చెప్పుకోలేని కష్టాన్ని ఎలా చెప్పుకోవాలి?

మన గోదావరి జిల్లాల వైపు పలకరింపులకు లోటు లేదు. అరుగు మీద కూర్చున్నా, రేవులో పంటు కోసం నిలబడినా, చెరువు గట్టున ఎదురుపడినా "ఏవండీ, కులాసానా?" అని అడుగుతారు. "ఆయ్, బానే ఉన్నామండి" అని మనమూ అనేస్తాం. దాళ్వా (రెండో పంట) చేను ఎండిపోయినా, రొయ్యల పంట పోయినా, నెల రోజులుగా కంటి మీద కునుకు లేకపోయినా అదే జవాబు. బయటివాళ్ళకి అలా చెప్పడంలో తప్పేమీ లేదు. భార్యకీ, భర్తకీ, కన్నతల్లికీ కూడా అదే జవాబు చెప్పడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని పెద్దలు అన్నది బయట నోరు జారొద్దని. ఇంట్లోవాళ్ళ దగ్గరే గుట్టు పెట్టమని వాళ్ళు చెప్పలేదు. నేను చూసిన చాలా ఇళ్ళలో అప్పుకన్నా, జబ్బుకన్నా మనిషిని ఎక్కువ కుంగదీసింది ఆ సంగతిని ఒక్కరే మోయడం. అందుకే చెప్పడం ఎలాగో, ఎదుటివాళ్ళు చెబితే వినడం ఎలాగో, ఇంట్లో తేలనిది డాక్టరు దాకా తీసుకెళ్ళడం ఎలాగో వరసగా రాస్తున్నాను. అన్నీ ఒకేసారి చేయక్కర్లేదు. మీ ఇంటికి ఏది పనికొస్తే అక్కడ మొదలుపెట్టండి.

1. ముందు మీ నిద్ర సంగతి చూడండి

మనసు బాగాలేదని మనకి మనం ఒప్పుకోవడమే కష్టం. "ఏదో నీరసం", "ఎండలు కదా" అని సర్దిచెప్పుకుంటాం. నిద్ర విషయంలో మాత్రం అలా సర్దుకోలేం, పట్టిందో లేదో తెలిసిపోతుంది. అందుకే అక్కడ మొదలుపెట్టమంటున్నాను.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్ళని చూడండి. రాత్రంతా చెరువులో ఉన్న ప్రతి ప్రాణీ ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఎండ లేదు కాబట్టి కొత్తది తయారు కాదు. తెల్లవారుజాముకి అది అడుగంటుతుంది. అప్పుడు కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపే రొయ్య తేలిపోవచ్చు. అందుకని రైతు రెండింటికి లేచి టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతాడు, చెక్‌ట్రే పైకెత్తి మేత మిగిలిందా, రొయ్య చురుగ్గా ఉందా అని చూస్తాడు. ఇంటికొచ్చి నడుం వాల్చేసరికి కాపలా కుర్రాడి ఫోను. మూడు నాలుగు నెలల పంటకాలం ఇలాగే గడుస్తుంది. నిద్ర ముక్కలైపోయిన మనిషికి చిన్న మాటకే కోపం వస్తుంది, తిండి సయించదు, లెక్కలు తప్పుతాయి, ఏ పనీ మొదలెట్టబుద్ధి కాదు. ఇంట్లోవాళ్ళేమో "ఈయన మారిపోయాడు" అనుకుంటారు.

మీరు ఇందులో ఉంటే, పక్క చెరువు రైతుతోనో తమ్ముడితోనో రాత్రి వంతులు మాట్లాడుకోండి. వారంలో కొన్ని రాత్రులైనా ఫోను వేరేవాళ్ళకిచ్చి ఏకధాటిగా ఆరేడు గంటలు పడుకోండి. వంతులకి ఎవరూ దొరక్కపోతే మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు పడుకోవడాన్ని పనిలాగే లెక్కపెట్టండి. సాయంత్రం నాలుగు దాటాక టీ మానండి. తాగిన టీలోని కెఫీన్‌లో సగం దాదాపు అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర కోసమని మందు (సారా, బ్రాందీ లాంటివి) పుచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది కళ్ళు మూయిస్తుంది కానీ, మూడు నాలుగింటికల్లా లేపేసి మళ్ళీ పట్టనివ్వదు.

ఇంకో చిన్న పని. గోడ మీద క్యాలెండర్లో ఏ రోజు గడిలో ఆ రోజు ఎన్ని గంటలు పడుకున్నారో వేయండి. పక్కన ఒక్క మాట: దిగులు, చిరాకు, ఫర్వాలేదు, బాగుంది. రెండు వారాల తర్వాత చూడండి. దాదాపు ప్రతిరోజూ దిగులుగానే ఉండి, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే అది డాక్టరుకి చూపించుకోవాల్సిన సంగతి. డాక్టర్లు కూడా డిప్రెషన్‌ని ఆ రెండు వారాల లెక్కతోనే చూస్తారు.

ఆడవాళ్ళ దిగులు తరచుగా ఒంట్లోంచి బయటపడుతుంది. తలనొప్పి, నడుంనొప్పి, గుండెదడ, కడుపులో మంట అంటూ ఒక్కొక్కదానికీ ఒక్కో మాత్ర వేసుకుంటూ ఉంటారు. రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నాక కూడా నొప్పి పోకపోతే "నీకేమీ లేదు" అని వదిలేయకండి. నొప్పి నిజమే, దాని వేరు ఇంకోచోట ఉండొచ్చు.

2. ఎవరికి చెప్పాలి

ఒక్క మనిషిని ఎంచుకోండి. ఆ మనిషి తెలివైనవాడో డబ్బున్నవాడో కానక్కర్లేదు. మీరు చెప్పింది మూడో చెవిన పడనివ్వని మనిషై, ఇంతకుముందు మీరు చెప్పినదాన్ని ఏనాడూ మీ మీదే తిప్పికొట్టని మనిషైతే చాలు. చాలా ఇళ్ళలో అది భార్యో భర్తో అవుతారు, కొన్ని ఇళ్ళలో మేనమామ, పెద్దక్క, తోడికోడలు. టీ బడ్డీ దగ్గర మాత్రం వద్దు. అక్కడ ప్రేమగా వినేవాళ్ళు లేరని కాదు, విన్నది సాయంత్రానికి ఊరు దాటుతుంది, ఆ భయంతో ఇంకోసారి మీరు నోరు విప్పరు.

3. చోటూ, వేళా

కంచం ముందు వద్దు. పిల్లల పరీక్షల రోజుల్లో, చుట్టాలు దిగిన రోజున, మందు పుచ్చుకున్న రాత్రి అసలే వద్దు. ఎదురెదురుగా కూర్చుని కళ్ళలో కళ్ళు పెట్టి చెప్పడం మనలో చాలామందికి చేతకాదు. పక్కపక్కన ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తూ, బండి మీద చేనుకి వెళ్తూ, దొడ్లో కొబ్బరికాయలు పోగేస్తూ చెప్పండి. నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లుకుంటూ ఎన్ని సంగతులు చెప్పుకుంటారో చూడండి. కళ్ళూ చేతులూ పనిలో ఉంటే గొంతు బిగుసుకోదు.

ముందే ఒక మాట వేసి ఉంచండి. "రేపు సాయంత్రం ఓ పది నిమిషాలు నీతో మాట్లాడాలి. ఎవరికీ ఏమీ కాలేదు, కంగారుపడకు." ఆ చివరి మాట తప్పకుండా అనండి. లేకపోతే రాత్రంతా ఎదుటిమనిషికి నిద్ర ఉండదు.

4. డబ్బు సంగతి అంతా ఒకేసారి చెప్పండి

అన్నింటికన్నా కష్టమైనది ఇదే, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను.

అప్పుని విడతలవారీగా చెప్పడం మగవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. ముందు లక్ష అంటారు, పదిహేను రోజులకి ఇంకో లక్ష బయటపడుతుంది, పండగకి చుట్టాల నోట ఇంకొకటి. ప్రతిసారీ ఇంటి ఇల్లాలికి నేల కదులుతుంది. మొదటిసారి వచ్చిన కోపం అప్పు మీద, ఆ తర్వాత వచ్చేదంతా అబద్ధం మీద. రెండోది మానడానికి ఏళ్ళు పడుతుంది.

చెప్పేముందు ఒక కాగితం మీద అంతా రాయండి. బ్యాంకు, మేత కొట్టు, ఎరువుల కొట్టు, కౌలు బాకీ, చీటీ, చేబదుళ్ళు, నోటు రాసి తెచ్చినవి, తాకట్టు పెట్టిన బంగారం, ఫోనులో యాప్ అప్పు ఉంటే అది కూడా. ఒక్కోదాని పక్కన వడ్డీ ఎంతో, గడువు ఎప్పుడో వేయండి. కింద కూడండి. కూడేటప్పుడు చెయ్యి వణుకుతుంది, అయినా కూడండి.

మాట ఇలా నడవొచ్చు.

"నీతో ఒక సంగతి చెప్పాలి. మొత్తం విన్నాక ఏమైనా అను. మనకి అప్పుంది."

"ఎంతండీ?"

"ఏడు లక్షల పదివేలు. బ్యాంకుకి రెండున్నర, మేత కొట్టుకి లక్షా ఇరవై, కౌలు బాకీ నలభై వేలు, నోటు మీద తెచ్చింది మూడు లక్షలు. నోటుకి నూటికి మూడు రూపాయలు."

"అంటే నెలకి తొమ్మిదివేలు వడ్డీయేనా? ఎప్పట్నించి?"

"పోయిన సార్వా (తొలి పంట) నించి. నీ గాజులు కూడా లాకర్లో లేవు, తాకట్టులో ఉన్నాయి. ఇంతకు మించి ఇంకేమీ లేదు. అంతా ఈ కాగితంలో ఉంది, నీ దగ్గరే ఉంచుకో."

చెప్పేవాళ్ళకి నా మనవి: "నీ కోసమే, పిల్లల కోసమే చేశాను" అని అప్పుడు మొదలెట్టకండి. కారణాలు ఆవిడ అడిగినప్పుడు చెబుదురు. ఏడిస్తే ఏడవనివ్వండి, లేచి వెళ్ళిపోకండి. వినేవాళ్ళకి: ఆ రాత్రి పరిష్కారం వెతకకండి, పుట్టింటికి ఫోను చేయకండి, "నే ముందే చెప్పాను" అనకండి. ఆ మాట నిజమే అయినా మరో నెల ఆగొచ్చు. "చెప్పావు కదా, ఇద్దరం చూద్దాం" అన్న ఒక్క మాటతో ఎదుటిమనిషి భుజాలు దిగడం మీ కళ్ళతో మీరే చూస్తారు. పొలం అమ్మడం, ఊరు విడిచిపోవడం లాంటి పెద్ద నిర్ణయాలేవీ ఆ వారంలో తీసుకోకండి.

తర్వాత కాగితం ముందేసుకుని, ఎక్కువ వడ్డీది ముందు తీరేలా వరస వేసుకోండి. కౌలు రైతులైతే పంట సాగుదారు హక్కు పత్రం గురించి ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడగండి. దానితో బ్యాంకు పంటరుణానికి దారి దొరికితే నూటికి మూడు రూపాయల అప్పు భారం కొంత తగ్గుతుంది. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు పొద్దున్న 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. బెదిరించడం, చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తీయడం కూడా కూడదు. లోన్ యాప్ వాళ్ళు ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే మరో రూపాయి కట్టకుండా 1930కి ఫోను చేయండి, అది సైబర్ నేరాల నంబరు. ఇంటర్మీడియట్, ఇంజినీరింగ్ చదివే పిల్లలు బెట్టింగు యాపుల్లో పోగొట్టి నోరు విప్పలేక నలిగిపోతున్నారు. "డబ్బు పోతే పోయింది, నాతో చెప్పడానికి మాత్రం భయపడకు" అని వాళ్ళు పోగొట్టకముందే ఒకసారి అనండి.

5. గొడవ పడేటప్పుడు

గొడవలు లేని సంసారం నేను చూడలేదు. గొడవ ఎలా పడాలో తెలిసినవాళ్ళని చూశాను. వాళ్ళు ఏ సంగతి మీద మొదలైందో దాని మీదే ఉంటారు. కూరలో ఉప్పు దగ్గర మొదలై పెళ్ళిలో పెట్టుపోతల దాకా పోరు. "నువ్వెప్పుడూ ఇంతే" అనే బదులు "నిన్న నలుగురిలో నన్ను అలా అన్నావు, మనసు కష్టపడింది" అంటారు. ఎదుటివాళ్ళ అమ్మానాన్నల ఊసెత్తరు.

గొంతులు పెరిగి, గుండె దడదడలాడుతున్నప్పుడు ఎవరి బుర్రా పనిచేయదు. "ఓ అరగంట ఆగుదాం, భోజనాలయ్యాక మాట్లాడదాం" అని చెప్పి పక్కకెళ్ళండి. చెప్పి వెళ్ళాలి, చెప్పిన వేళకి తిరిగి రావాలి. చెప్పకుండా చెరువు గట్టుకెళ్ళి పదింటికి రావడం, మూడేసి రోజులు మాట్లాడకుండా ఉండడం కూడా కొట్టినంత పని చేస్తాయి. ఆ అరగంటలో ఊపిరి మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు నెమ్మదిగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలండి. అయిదు నిమిషాలు చేస్తే గుండె వేగం తగ్గడం మీకే తెలుస్తుంది.

చెయ్యి చేసుకోవడం గొడవ కిందికి రాదు. దాన్ని "సంసారంలో మామూలే" అని సర్దుకోమనే అత్తలకీ అమ్మలకీ చేతులెత్తి చెబుతున్నాను, సర్దుకోమనకండి. 181 మహిళా హెల్ప్‌లైన్, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. గృహహింస నుంచి కాపాడే చట్టం 2005 నుంచి ఉంది.

6. దూరాన ఉన్నవాళ్ళతో

కోనసీమలోనూ, నరసాపురం చుట్టుపట్లా అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు ఊరూరా ఉన్నారు. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆవిడ పని ముగించుకుని రాత్రి పదింటికి ఫోను తీస్తే ఇక్కడ పన్నెండున్నర, పిల్ల నిద్రలో ఉంటుంది. అందుకని వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపడం అలవాటు చేయండి. బడి నుంచి రాగానే పిల్ల ఏం జరిగిందో రెండు నిమిషాలు చెప్పి పంపుతుంది, ఆవిడ రాత్రి విని జవాబు పంపితే పొద్దున్న పిల్ల వింటుంది. వారానికొక్క రోజు మాత్రం ఇద్దరూ మెలకువగా ఉన్న వేళ చూసుకుని ముఖాలు చూసుకుంటూ మాట్లాడండి. ఆ రోజు "మార్కులెన్ని?", "డబ్బు అందిందా?" అన్నవి చివరికి ఉంచండి. ముందు "ఏం తిన్నావు, ఎవరితో ఆడుకున్నావు" అని అడగండి. అమ్మ వెళ్ళిన కొత్తలో పిల్ల పక్క తడపడం, అన్నం మానేయడం, ఉలకకుండా పలకకుండా ఉండడం చేస్తే కొట్టకండి. అది బెంగ.

ఇక్కడివాళ్ళు ఆవిడ దగ్గర దాచేవి కూడా ఉంటాయి. "అక్కడ ఒక్కతే బెంగపడుతుంది" అని తండ్రి ఆసుపత్రిలో ఉన్నా చెప్పరు. తర్వాత తెలిసినప్పుడు ఆవిడకి ఆ ఒక్క సంగతే కాదు, అప్పటిదాకా మీరు చెప్పినవన్నీ అనుమానమే అవుతాయి. మెల్లగా చెప్పండి, చెప్పాక మర్నాడు మళ్ళీ ఫోను చేయండి.

హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో పిల్లలున్న ముసలివాళ్ళది ఇంకో రకం ఒంటరితనం. సంక్రాంతికి ఇల్లు నిండుతుంది. కనుమ దాటాక కార్లన్నీ ఒక్కసారే వెళ్ళిపోతాయి. పిల్లలకి నేను చెప్పేది ఇది: ఊరు చేరాక "వచ్చేశాం" అని మెసేజ్ పెట్టి ఊరుకోకండి. మర్నాడు సాయంత్రం, దీపాల వేళ ఫోను చేయండి. పెద్దవాళ్ళలో దిగులు మతిమరుపులా, ఒళ్ళునొప్పుల్లా, తిండి మీద అయిష్టంలా కనిపిస్తుంది. "వయసు కదా" అనుకోకుండా థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి, అవి తగ్గినా ఇవే లక్షణాలు వస్తాయి. పెద్దల కోసం 14567 నంబరు ఉంది.

7. ఏరు పెరిగే రోజుల్లో

గోదావరి లంకల్లో ఉండేవాళ్ళకి 1986 ఆగస్టు వరద, తీరాన ఉండేవాళ్ళకి 1996 నవంబరు 6 తుఫాను ఇంకా నిన్నటివే. 2022 జూలై వరద చూసిన పిల్లలు కూడా వాన పట్టుకుంటే నిద్రపోరు. భయపడేవాళ్ళకి "ఏం కాదులే" అంటే భయం పోదు. ముందే ఒక లెక్క అనుకుంటే తగ్గుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టాన్ని బట్టి మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. మొదటిదానికి కాగితాలు, మందులు సంచిలో సర్దడం, రెండోదానికి ముసలివాళ్ళనీ పిల్లలనీ పశువులనీ గట్టు దాటించడం అని మీ లంక ఎత్తుని బట్టి ఇంట్లో అందరూ కూర్చుని అనుకోండి. పిల్లలకీ ఒక పని అప్పగించండి. టీవీలో అవే దృశ్యాలు పొద్దస్తమానం చూడనివ్వకండి.

8. ఎదుటివాళ్ళు చెబుతుంటే వినడం

చెప్పేవాళ్ళకి ధైర్యం కావాలి, వినేవాళ్ళకి ఓపిక. మనలో చాలామంది వినే లోపే మందు రాసేస్తాం. "నీకేం తక్కువ?", "మనసు గట్టి చేసుకో", "నాకన్నానా?", "గుడికెళ్ళి రా." ప్రేమతోనే అంటాం, కానీ ఆ మాటతో ఎదుటివాళ్ళ నోరు మూతపడుతుంది. బదులుగా "ఎప్పట్నించి ఇలా ఉంది?", "రాత్రిళ్ళు ఏం ఆలోచన వస్తోంది?" అని అడగండి. మధ్యలో మౌనం వస్తే వెంటనే మాటతో పూడ్చకండి. అసలు సంగతి ఆ మౌనం తర్వాతే వస్తుంది.

పురుటికి పుట్టింటికొచ్చిన అమ్మాయిని ప్రత్యేకంగా కనిపెట్టండి. పురుడయ్యాక కొద్దిరోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, బిడ్డని ఎత్తుకోవాలనిపించడం లేదంటే, "నేను మంచి తల్లిని కాను" అంటూ ఉంటే ఉత్తపుణ్యానికి తిట్టకండి. డాక్టరుకి చూపించండి, తగ్గే జబ్బే.

ఎవరైనా "నేను లేకపోతే మీకే హాయి", "ఇంక చాలు" లాంటి మాటలంటే, ఉన్నట్టుండి బాకీలు తీర్చేసి అందరికీ అప్పగింతలు పెడుతుంటే, సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు. అలా పుట్టదు. అడిగినందుకు చాలామందికి ప్రాణం తెరిపిన పడుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, కలుపుమందులు అసలే ఇంట్లో ఉంచకండి. చేను దగ్గర గదిలోనో ఇంకొకరి ఇంట్లోనో తాళం వేసి, ఆ తాళం చెవి వేరేవాళ్ళ దగ్గర పెట్టండి. చావాలన్న తెగింపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కాస్సేపట్లో చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు. ఏదైనా జరిగిపోతే నాటువైద్యం చేయకుండా 108కి ఫోను చేసి, తాగిన పురుగుమందు డబ్బా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. పోలీసు కేసవుతుందని ఆలస్యం చేయకండి. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

14416 నంబరు ఫోనులో వేసి ఉంచుకోండి. మనసు బాధల్లో సాయం చేసే నంబరు అది. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాధపడే మనిషి మాట్లాడనంటే ఇంట్లోవాళ్ళు చేసి, ఏం చేయాలో అడగొచ్చు.

9. డాక్టరు దగ్గరికి

ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర బలానికి సూదీ, నిద్రకి మాత్రా వేయించుకుంటూ ఏడాది గడిపేవాళ్ళున్నారు. నిద్రమాత్రలు డాక్టరు చెప్పకుండా వారాల తరబడి వాడితే అలవాటుపడిపోతారు. ముందు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చూపించండి, ఆశా కార్యకర్తనో ఏఎన్ఎమ్‌నో అడిగితే ఎక్కడికెళ్ళాలో చెబుతారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అమలాపురం, రాజానగరం, ఏలూరులోని వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ చూస్తారు. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎవరైనా చూస్తారని మొహమాటమైతే మీ ఊరికి దూరంగా ఉన్నదానికే వెళ్ళండి, వెళ్ళడం ముఖ్యం.

తాగుడు మానాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు పంతంకొద్దీ ఒక్కసారే ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ఏవేవో కనిపిస్తున్నాయనొచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు చేతుల మీదుగా ఆపాలి. 14446కి చేస్తే ఎక్కడ ఆ చికిత్స ఉందో చెబుతారు.

మొదటిసారి వెళ్ళేటప్పుడు క్యాలెండర్ మీద వేసుకున్న నిద్ర లెక్క, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, బీపీ షుగర్ మాత్రల అట్టలు పట్టుకెళ్ళండి. ఇంట్లో ఒకరు వెంట వెళ్ళండి, కానీ డాక్టరుతో కాస్సేపు పేషెంటుని ఒంటరిగా మాట్లాడనివ్వండి. నిద్ర, తిండి, పని, తాగుడు, చావు ఆలోచనలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడుగుతారు. దాచకుండా చెప్పండి. షాకులు పెడతారనీ, కట్టేస్తారనీ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. చాలామందికి మాటలు, మాత్రలు, మళ్ళీ రమ్మనడం, అంతే.

దిగులుకి ఇచ్చే మందులు రెండు నుంచి నాలుగు వారాలకి గానీ పని మొదలెట్టవు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారంలో కడుపు తిప్పడం, మగత ఉండొచ్చు. "వారమైనా తగ్గలేదు" అని మానేసేవాళ్ళు కొందరు, నెలకి తేలికపడి "తగ్గిపోయిందిగా" అని మానేసేవాళ్ళు ఇంకొందరు. రెండూ వద్దు. బాగున్నాక కూడా కొన్ని నెలలు వాడమంటారు, ఆపేటప్పుడు డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. చీటీ మీద మళ్ళీ రమ్మన్న తేదీని క్యాలెండర్లో గుండ్రంగా చుట్టండి. ఆ రోజున రొయ్యల పట్టుబడి గానీ కొబ్బరికాయ దింపు గానీ పెట్టుకోకండి.